బరువు నేరమా?

మేడారం జాతరకు పోయేవాళ్ళు ముందుగా మా వేములవాడ వచ్చి, రాజన్నను దర్శించుకుని, ఆ తర్వాతే అటు బయలుదేరడం ఆనవాయితీ. రెండేళ్ళకోసారి ఆ రోజుల్లో మా ఊళ్ళో కాలు పెట్టడానికి సందుండదు. మేడారంలో సమ్మక్క సారలమ్మలకు నిలువెత్తు బంగారం మొక్కుతారు కదా! బంగారమంటే మనం మెడలో వేసుకునేది కాదు లెండి, బెల్లం. మనిషెంత బరువుంటే అంత బెల్లం.

ఆ కాటా ఎక్కడానికి ఏ ఆడదీ సిగ్గుపడదు. యాభై కిలోల కోడలు యాభై కిలోలు ఇచ్చుకుంటుంది, ఎనభై కిలోల అత్తగారు ఎనభై ఇచ్చుకుంటుంది. "నువ్వు జర తగ్గి, మళ్ళీ జాతరకు రారాదే!" అని ఏ దేవతా ఇంతవరకూ అనలేదు. అక్కడ బరువంటే భక్తి. బరువెంతుంటే అంత ఘనంగా మొక్కు తీరినట్లు.

అదే మనిషి ఇంటికొచ్చి ఇంకో కాటా ఎక్కితే మాత్రం కథ మారిపోతుంది. ఇక్కడ బరువంటే బద్ధకం, తిండియావ, బుద్ధి లేకపోవడం. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళు కాటా తేరు గానీ, కళ్ళతోనే గ్రాములతో సహా తూచేస్తారు. ఇంతకీ బరువు మనిషిలోని దోషమా? దేహానికి సంబంధించిన ఒక కొలత మాత్రమేనా? కొలతే అయితే దాన్ని చూసి మనిషికి ఇంత సిగ్గెందుకు పుట్టించాలి?

ఈ ప్రశ్న అందరు ఆడవాళ్ళదీ అయినా, కొందరికి మరీ నిత్యం ఎదురయ్యేది. వాళ్ళే పి.సి.ఓ.ఎస్. ఉన్న అమ్మాయిలు. పేరు వినగానే "ఆఁ, గర్భసంచిలో నీటిబుడగలు" అంటారు మనవాళ్ళు. నిజానికి ఆ మాటలో రెండు పొరపాట్లున్నాయి. అవి ఉండేది గర్భసంచిలో కాదు, అండాశయాల్లో. పైగా అవి నీటిబుడగలూ కావు. పిందె దశలోనే ఆగిపోయిన కాయల్లాగా, పూర్తిగా పక్వానికి రాకుండా నిలిచిపోయిన అండాల గూళ్ళు. స్కానింగులో చిన్న చిన్న నల్లని చుక్కల్లా కనిపిస్తాయి. అంతే.

1935లో అమెరికాలోని షికాగో నగరంలో స్టైన్, లెవెంథాల్ అనే ఇద్దరు వైద్యులు ఏడుగురు స్త్రీలలో ఈ లక్షణాలన్నీ కలిసి కనిపించడం గమనించి లోకానికి చెప్పారు. 2003లో రాటర్‌డామ్ నగరంలో నిపుణులు కూర్చుని, దీన్ని గుర్తుపట్టడానికి మూడు గుర్తులు చెప్పారు. నెలసరి క్రమం తప్పడం ఒకటి. మగవారిలో ఎక్కువగా ఉండే హార్మోన్లు పెరగడం, దానివల్ల గడ్డం మీద వెంట్రుకలు, తగ్గని మొటిమలు రావడం రెండోది. స్కానింగులో అండాశయం ఆ రీతిగా కనిపించడం మూడోది. థైరాయిడ్ వంటి ఇతర కారణాలేవీ లేవని తేల్చుకున్నాక, ఈ మూడింటిలో రెండున్నా పి.సి.ఓ.ఎస్. అన్నట్లే. ఈడొస్తున్న ఆడపిల్లల విషయంలో మాత్రం స్కానింగు చూసి తొందరపడకూడదు. ఆ వయసులో అండాశయం మామూలుగానే అలా కనిపించవచ్చు.

గమనించారా? ఆ మూడు గుర్తుల్లో "బరువు" అన్న మాటే లేదు!

మరి బరువు ఎక్కడి నుంచి వచ్చి కూర్చుంది? ఇది కొంచెం ఓపికగా వినవలసిన సంగతి. మనం తిన్న అన్నం రక్తంలో చక్కెరగా మారితే, దాన్ని కండలకూ కణాలకూ చేరవేసేది ఇన్సులిన్. పి.సి.ఓ.ఎస్. ఉన్నవారిలో చాలామందికి శరీరం ఈ ఇన్సులిన్ మాట సరిగ్గా వినదు. వినని పిల్లవాణ్ణి తల్లి ఇంకా గట్టిగా పిలిచినట్లు, శరీరం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ తయారు చేస్తుంది. ఆ ఎక్కువైన ఇన్సులిన్ ఊరికే ఉండదు. అండాశయాల మీద పడి మగ హార్మోన్లను ఎక్కువగా పుట్టిస్తుంది. వాటివల్ల అండం పక్వానికి రాదు. అండం రాకపోతే నెల రాదు. ఇంకోవైపు అదే ఇన్సులిన్ కొవ్వును, ముఖ్యంగా నడుము చుట్టూ, పోగేయడానికి తోడ్పడుతుంది. నడుము చుట్టూ చేరిన కొవ్వు మళ్ళీ శరీరం ఇన్సులిన్ మాట మరింత వినకుండా చేస్తుంది.

గానుగెద్దు తిరిగినట్లు ఇదంతా గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది. ఈ చక్రంలో మొదలేది, చివరేది? జబ్బు వల్ల బరువా, బరువు వల్ల జబ్బా? రెండూ నిజమే. అమ్మకో అక్కకో ఉంటే చెల్లెలికి వచ్చే అవకాశం ఎక్కువన్నదీ నిజమే. అమ్మ పోలికతో వచ్చిన ముక్కుకు పిల్లను తిట్టం కదా! అమ్మ పోలికతో వచ్చిన ఇన్సులిన్ తీరుకు మాత్రం "నోరు కట్టుకోవాలె" అని తిడతాం. ముక్కు కనిపిస్తుంది, ఇన్సులిన్ కనిపించదు. అంతే తేడా.

ఈ బరువును కొలిచే లెక్క చరిత్ర కూడా వినదగ్గదే. కిలోల్లో ఉన్న బరువును మీటర్లలో ఉన్న ఎత్తుతో రెండుసార్లు భాగిస్తే వచ్చే అంకెను బి.ఎం.ఐ. అంటారు. ఈ లెక్క కట్టింది వైద్యుడు కాదు. 1830ల్లో బెల్జియం దేశపు కెట్లే అనే గణిత, ఖగోళ పండితుడు. సగటు మనిషి ఎలా ఉంటాడో తెలుసుకోవాలన్నది ఆయన ఆసక్తి. ఫలానా స్త్రీ ఆరోగ్యంగా ఉందా లేదా అన్నది ఆయన లెక్కలోనే లేదు. 1972లో యాన్సెల్ కీస్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు, ఆయన సహచరులు దానికి ఇప్పటి పేరు పెట్టారు. అప్పటి నుంచి ఆ అంకె ఆస్పత్రి గోడెక్కింది.

అయిదడుగుల ఒక అంగుళం ఎత్తు, 60 కిలోల బరువు ఉన్న మన ఇంటి ఇల్లాలిని తీసుకోండి. మన కళ్ళకు ఆమె మామూలుగానే ఉంటుంది. ఆమె బి.ఎం.ఐ. సుమారు 25. ప్రపంచమంతటికీ చెప్పే లెక్కలో 25 అంటే "కొంచెం ఎక్కువ బరువు" మొదలయ్యే చోటు, 30 దాటితేనే స్థూలకాయం. మన భారతీయులకు తక్కువ బరువులోనే చక్కెర జబ్బు వస్తోందని, మన దేశపు నిపుణులు 23 దాటితే ఎక్కువ బరువనీ, 25 దాటితే స్థూలకాయమనీ గీత గీశారు. అంటే అదే అమ్మ లండన్‌లో ఒక మాట, కరీంనగర్‌లో ఇంకో మాట వినవలసి వస్తుంది! గీత కిందికి జరపడం మన మంచికే, ముందే జాగ్రత్తపడమని. అయితే గీత మారినప్పుడల్లా మనిషి మంచిచెడ్డలు మారవు కదా. గీత వైద్యుడికి పనిముట్టు. దాన్ని తీసుకుపోయి పేరంటంలో వాడితేనే వస్తుంది చిక్కు.

ఇంకో సంగతి. సన్నగా ఉన్నవాళ్ళకూ పి.సి.ఓ.ఎస్. వస్తుంది. వాళ్ళ బాధ ఇంకో రకం. "గంత బక్కగున్నవ్, నీకేం రోగమే?" అంటారు. నాలుగు నెలలైనా నెల రాకపోతే "రక్తం లేదు, బీట్‌రూట్ తిను" అంటారు. లావుగా ఉన్న పిల్ల ఏ జబ్బుతో పోయినా బరువు తప్ప ఇంకేమీ కనిపించదు. సన్నగా ఉన్న పిల్ల జబ్బుతో పోతే జబ్బే కనిపించదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం పిల్లలు పుట్టే వయసున్న స్త్రీలలో 100కు 10 నుంచి 13 మందికి ఇది ఉంటుంది. వారిలో 70 శాతం వరకు తమకు ఉన్న సంగతే తెలియకుండా ఉన్నారు. బరువు మీదే కళ్ళు పెట్టుకుని కూర్చుంటే ఇంతమంది తెలియకుండా మిగిలిపోవడంలో ఆశ్చర్యమేముంది?

"అయితే ఏమంటావమ్మా? బరువు పెరిగినా ఫరవాలేదంటావా?" అని మీరు అడగవచ్చు. అలా అంటే అబద్ధమాడినట్లే. బరువుకు ఫలితముంది. ఎక్కువ బరువుతో ఈ జబ్బు లక్షణాలు ముదురుతాయి. చక్కెర జబ్బు త్వరగా వచ్చే ప్రమాదం పెరుగుతుంది. నెలల తరబడి నెలసరి రాకుండా ఉంటే గర్భాశయం లోపలి పొర మందమై, ముందుముందు కీడు చేయవచ్చు. ఈ మాటలు పిల్లకు చెప్పకుండా ముద్దు చేసే తల్లి మేలు చేసినట్లు కాదు.

అదే నోటితో చెప్పవలసిన మంచిమాట కూడా ఒకటుంది. సినిమా తార నడుము రానక్కర్లేదు. ఉన్న బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందికి నెలసరి కుదుటపడుతుంది, అండం విడుదలయ్యే అవకాశం పెరుగుతుంది. 70 కిలోల మనిషికి అంటే మూడున్నర నుంచి ఏడు కిలోలు. ఏడు కిలోలు తగ్గిన మనిషిని చూసి పక్కింటివాళ్ళు గుర్తు కూడా పట్టకపోవచ్చు. పేరంటంలో ఎవరూ మెచ్చుకోరు. అయినా లోపల అండాశయానికి తెలుస్తుంది. బయటి లోకం అడిగే బరువూ, ఆరోగ్యం అడిగే బరువూ ఒకటి కావన్నమాట. మనం పిల్లలకు నేర్పేది మాత్రం మొదటిదే.

ఇక అసలు మాటకొస్తాను. కారణం వేరు, నేరం వేరు. వాన కురవకపోవడం పంట ఎండడానికి కారణం. రైతు నీళ్ళుండీ పెట్టకపోతే అది నేరం. ఎవరినైనా తప్పు పట్టాలంటే ఆ పని వాళ్ళ చేతుల్లో ఉండాలి. బాధ్యత మోపేముందు అధికారం ఇవ్వాలి. మన ఇళ్ళల్లో ఆడపిల్ల తన ఒంటి మీద ఎంత అధికారంతో ఉందో ఒక్కసారి చూడండి.

పదమూడేళ్ళు రాగానే సైకిలు మూలకు చేరుతుంది. బడిలో ఆటల పీరియడుకు ఆడపిల్లలు చెట్టు కింద కూర్చుంటారు. చీకటి పడితే గడప దాటొద్దు. ఇన్ని కట్టుబాట్లు పెట్టి, పద్దెనిమిదేళ్ళకు "కూసుంటె లావు గాక ఏమైతది?" అంటాం. కూర్చోబెట్టింది ఎవరు?

సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల వైపు ఇళ్ళల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళను చూడండి. ఒళ్ళో చాట, చాటలో తునికాకు, తంబాకు. కూలి లెక్క వెయ్యి బీడీలకింత అని. వెయ్యి కావాలంటే పొద్దంతా వంగి కూర్చోవాలి. ఆ కూలితోనే పిల్లల ఫీజులు, గ్యాసు బండ. మధ్యాహ్నం మూడింటికి మిగిలిన అన్నంలో మిగిలిన పులుసు పోసుకుని తింటుంది. ఇంట్లో అందరూ తిన్నాక ఆఖరున తినేది ఆమే. పప్పు, గుడ్డు ముందువాళ్ళ పళ్ళాల్లోకి పోయాయి. ఆమెకు మిగిలింది అన్నమే. ఆమె బరువు పెరిగితే అది తిండియావా? ఎవరి తిండియావ?

ఇంకో లెక్క చెబుతాను. మా వైపు ఊళ్ళల్లో దుబాయి, మస్కట్ పోయిన మగవాళ్ళు ఎందరో! పెళ్ళైన రెండో నెలకే విమానమెక్కుతారు. రెండేళ్ళకోసారి రెండు నెలల సెలవు మీద వస్తారు. పి.సి.ఓ.ఎస్. ఉన్న పిల్లకు ఏడాదికి నాలుగైదుసార్లే నెలసరి వస్తుందనుకోండి. ఆ రెండు నెలల్లో ఒక్కసారైనా అండం విడుదలవుతుందో లేదో! అతను తిరిగి వెళ్ళిపోయాక మాత్రం వాడకట్టంతా తీర్పు చెబుతుంది. "పిల్ల లావెక్కింది, ఇంకేం పిల్లలైతరు?" అని. విమానం టిక్కెట్టు మీద తేదీలు ఎవరికీ గుర్తు రావు.

సంతానం కోసం మా రాజన్నకు కోడెను మొక్కుకుంటారు. మొగుడూ పెళ్ళాం కలిసి కోడెను పట్టుకుని గుడి చుట్టూ తిరుగుతారు. ఎంత చక్కని ఏర్పాటు! దేవుడి ముందు ఇద్దరూ కలిసే నిలబడతారు. డాక్టరు దగ్గరకు మాత్రం ఒక్కతే పోతుంది. వెనకాల అత్తమ్మ. పరీక్షలు భర్తకూ చేయాలంటే ఇల్లంతా చిన్నబుచ్చుకుంటుంది. పి.సి.ఓ.ఎస్. ఉన్న స్త్రీలలో చాలామందికి పిల్లలు పుడతారు. కొందరికి మందు లేకుండానే, కొందరికి అండం విడుదలయ్యేందుకు ఇచ్చే మాత్రలతో. ఈ మాట పెళ్ళిళ్ళ పేరయ్యలకు కూడా తెలిసి ఉంటే బాగుండేది.

ఈమధ్య బరువు తగ్గించే ఇంజెక్షన్లు వచ్చాయి. మన పేగుల్లోనే ఊరే ఒక హార్మోనుకు నకలులాంటి మందు. వేసుకుంటే ఆకలి తగ్గుతుంది, బరువు తగ్గుతుంది. వైద్యుడి సలహా లేకుండా ముట్టుకోకూడనివి. గర్భం కోరుకునేవారు ముందుగానే మానవలసినవి. వాటి మంచిచెడ్డలు అలా ఉంచి, నాకు తోచిన ఒక ఆలోచన చెబుతాను. నిన్నటిదాకా "నీకు బుద్ధి లేదు, నోటికి అదుపు లేదు" అని తిట్లు తిన్న మనిషి, సూది వేసుకున్నాక రెండు ముద్దలకే చాలంటోంది. మరి బుద్ధి సీసాలో అమ్ముతున్నారా? నిన్న లేని గుణం ఇవాళ సూదిమొనలోంచి వచ్చిందా? లేదు. నిన్నా ఇవాళా ఆమె గుణం ఒకటే. మారింది ఆకలి. మనలో సన్నగా ఉన్నవాళ్ళం అది మన నిగ్రహమేనని మురిసిపోయే ముందు, మన ఆకలి మనల్ని ఎంత తేలిగ్గా వదిలిపెట్టిందో తలచుకోవడం న్యాయం.

తిట్టితే తగ్గుతారన్నది కూడా వట్టి భ్రమే. తిట్లు తిన్న పిల్ల నలుగురిలో తినదు, రాత్రి వంటింట్లో చీకట్లో తింటుంది. ఫోటోలో వెనక నిలబడుతుంది. చివరికి డాక్టరు దగ్గరకు కూడా పోదు, అక్కడ కాటా ఉంటుందని. పి.సి.ఓ.ఎస్. ఉన్నవారిలో దిగులు, ఆందోళన మామూలుకంటే ఎక్కువని వైద్యులే చెబుతున్నారు. 2023లో వెలువడిన అంతర్జాతీయ మార్గదర్శకాల్లో ఒక మాట నాకు ఎంతో నచ్చింది. బరువు చూసేముందు, బరువు గురించి మాట్లాడేముందు ఆ స్త్రీ అనుమతి అడగమన్నారు. ఫలానా తిండే గొప్పది, ఫలానా వ్యాయామమే గొప్పదన్న రుజువు లేదని కూడా అన్నారు. నడక, ఆట, నాట్యం, ఏదైనా సరే, నిలకడగా చేయగలిగితే మంచిదే. బరువు తగ్గకపోయినా ఆ కదలికతో మేలుంటుందట.

చదువుకున్న డాక్టరే అనుమతి అడగాలంటే, బతుకమ్మ దగ్గర పక్కన నిలబడ్డ వదినెకు అడక్కుండా అనే హక్కు ఎవరిచ్చారు?

మరి ఇంట్లోవాళ్ళం ఏం చేయాలి? పిల్లకు ఒక్కదానికీ వేరే గిన్నెలో చప్పిడి కూడు పెడితే అది శిక్షలాగే ఉంటుంది. ఇంటిల్లిపాదీ అన్నం కొంచెం తగ్గించి, పప్పూ కూరా పెంచుకుంటే అది వంట. రాత్రికి జొన్నరొట్టె అందరికీ చేస్తే అది మన పాత అలవాటే. తాతలనాటి గట్కను పేదల తిండని మనమే కదా వదిలిపెట్టింది! చక్కెర పరీక్ష అమ్మాయితో పాటు అమ్మ కూడా చేయించుకుంటే, ఇద్దరికీ మంచిదే. మూడు నెలలు దాటి నెల రాకపోతే "పెళ్ళైతే అదే సర్దుకుంటది" అనకుండా వైద్యురాలికి చూపించాలి.

అన్నిటికంటే ముందు మాట మార్చుకోవాలి. మన భాషలో ఒక్క అక్షరం తేడాతో ఎంత మారుతుందో చూడండి. "సాయంత్రంపూట మూలవాగు వంతెన దాకా నడిచి పో" అంటే ఆజ్ఞ. పిల్ల పోదు. "పోదాం పా బిడ్డా" అంటే చెప్పుల కోసం వెతుక్కుంటుంది. ఆ నడకలో కిలోలు తగ్గాయో లేదో నెల తర్వాత చూసుకోవచ్చు. తన ఒళ్ళు తనకు శత్రువు కాదన్న సంగతి మాత్రం ఆ పిల్లకు మొదటి రోజే తెలుస్తుంది.